అడుగులతో కొలిచే సినిమా

పిట్ట కొంచెం కూత ఘనం అన్నారు మన పెద్దలు. ఈ సామెతను మనము పిల్లల విషయంలో వాడుతాము, పొట్టివారి విషయంలో వాడుతాము, కాని సినిమా విషయానికి వచ్చేసరికి మరచిపోతాము. మూడు గంటలు నడిస్తే అది సినిమా. పావుగంటలో ముగిస్తే అది "ఏదో బొమ్మ". మనము నివసిస్తున్న ఈ ముంబయి మహానగరంలో 1990వ సంవత్సరం నుండి రెండేళ్ళకొకసారి డాక్యుమెంటరీలకు, లఘు చిత్రాలకు, యానిమేషన్ చిత్రాలకు ప్రత్యేకంగా ఒక అంతర్జాతీయోత్సవం జరుగుతూ వస్తున్నది. 2024 జూన్ నెలలో పద్దెనిమిదవ ఉత్సవం జరిగినది. ఈ నగరంలో ఇన్ని వేలమంది తెలుగువారము ఉన్నాము గదా, అందులో ఈ ఉత్సవాన్ని చూచినవారు ఎందరో చేతివ్రేళ్ళతో లెక్క పెట్టవచ్చునని మా అనుమానం. సినిమాకు నిజంగా నిడివి ముఖ్యమా, కాదా అన్న ప్రశ్నను ఈ ఉగాది సంచికలో పాఠకుల ముందు ఉంచడమే మా ఉద్దేశము.

మేము రైల్వేలో గుమాస్తా ఉద్యోగం చేసుకొనేవారము. చదువు మెట్రిక్ వరకే. సినిమా శాస్త్రం చదివిన పండితులము కాము. అయితే దూరాలను, నిమిషాలను, ఛార్జీలను లెక్క కట్టడం మా నిత్యకృత్యం. చిత్రమేమంటే, సినిమా చరిత్రలోకి తొంగిచూస్తే అక్కడా అవే లెక్కలు కనబడుతున్నాయి. అడుగులు, నిమిషాలు, అణాలు!

మొదటి లెక్క వాట్సన్ హోటలులో మొదలవుతుంది. కాలాఘోడా దగ్గర ఎస్ప్లనేడ్ మాన్షన్ అనే పేరుతో శిథిలమై నిలిచిన ఇనుప స్తంభాల భవనమే ఆనాటి వాట్సన్ హోటలు. 1896 జూలై 7వ తేదీన ఫ్రాన్సు దేశపు ల్యూమియేర్ సోదరుల మనుష్యులు అక్కడ మన దేశంలో మొట్టమొదటి సినిమా ప్రదర్శన ఇచ్చారు. టిక్కెట్టు ఒక రూపాయి. చూపించినవి ఆరు బొమ్మలు. ఒక్కొక్కటి సుమారు 17 మీటర్ల ఫిలిం, అనగా 56 అడుగులు. తెరమీద ఒక నిమిషమైనా నిండదు. కర్మాగారం వదలగానే పనివాళ్ళు బయటికి రావడం ఒకటి. సముద్రస్నానం ఒకటి. పాత కట్టడాన్ని కూల్చడం ఒకటి. రైలుబండి స్టేషనులోకి రావడం ఒకటి.

ఈ రైలుబండి బొమ్మ గురించి రైల్వేవారము కనుక ఒక మాట చెప్పకుండా ఉండలేము. ప్లాట్‌ఫారం మీద జనం నిలబడి ఉంటారు. దూరాన ఇంజను చుక్కలాగ కనబడి, పెద్దదై, మన మీదికే వస్తున్నట్లు వచ్చి ఆగుతుంది. తలుపులు తెరుచుకొంటాయి. దిగేవారు దిగుతూ, ఎక్కేవారు ఎక్కుతూ ఉండగానే ఫిలిం అయిపోతుంది. ఎవరు ఎవరికోసం వచ్చారో, ఎవరు ఎక్కడికి పోతున్నారో ఏమీ చెప్పదు. అయినా నూట ముప్పై ఏళ్ళ తరువాత కూడా ప్రపంచమంతా ఆ బొమ్మను తలుచుకొంటున్నది. యాభై సెకండ్ల బొమ్మకు ఇంత ఆయుష్షు ఎలా వచ్చినదో ఆలోచించదగిన విషయం.

ఆనాటికే కామాఠీపురాలో మన తెలుగు కూలీలు స్థిరపడి ఉన్నారు. నైజాం రాజ్యం నుండి వలస వచ్చి ఈ నగరపు భవనాలకు రాళ్ళు మోసినవారు వారు. కామాఠీల పేరనే ఆ పేటకు ఆ పేరు వచ్చినది. కూలి అణాల్లో తీసుకొనేవారికి రూపాయి టిక్కెట్టు ఎక్కడిది? కొద్ది రోజులకే ఆట నావెల్టీ థియేటరుకు మారి, నాలుగణాల టిక్కెట్టు కూడా పెట్టిన తరువాతనే సామాన్యులకు ఆ వింత అందుబాటులోకి వచ్చినది. కనుక సినిమా పుట్టినప్పుడే రెండు కొలతలు దానితో పుట్టినవని గ్రహించాలి. ఒకటి ఫిలిం పొడవు, రెండవది టిక్కెట్టు ధర. ఈ రెండూ ఆ తరువాత ఏనాడూ విడిపోలేదు.

ఆ రోజుల్లో అన్ని సినిమాలూ పొట్టివే. పొట్టి సినిమా అన్న మాటే లేదు. ఈ నగరంలోనే సావే దాదా అని పేరుపడిన హరిశ్చంద్ర సఖారాం భాట్వడేకర్ 1899లో హ్యాంగింగ్ గార్డెన్సులో జరిగిన ఒక కుస్తీ పోటీని ఫిలిం తీశారు. మన తెలుగువారికి ఆదిపురుషులైన రఘుపతి వెంకయ్యగారు మచిలీపట్నంలో పుట్టి, మద్రాసులో ఫోటో స్టూడియో నడిపేవారు. 1909లో ఆయన ఆ స్టూడియోను తాకట్టు పెట్టి, క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని విదేశం నుండి తెప్పించారు. బొమ్మ తెరమీద ఆడుతుంటే ప్రక్కన రికార్డు మ్రోగుతుంది. మాటల సినిమా రావడానికి ఇరవై ఏళ్ళ ముందు సంగతి ఇది! ఆ యంత్రం పట్టుకొని ఆయన దక్షిణ దేశమే గాక బర్మా, సింహళం కూడా తిరిగారు. ఆయన చూపించినవన్నీ చిన్న చిన్న తునకలే. తెలుగు సినిమాకు పునాదిరాళ్ళు ఈ చిన్న బొమ్మలేనని చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

దాదాసాహెబ్ ఫాల్కేగారి సంగతి మరీ విశేషమైనది. 'రాజా హరిశ్చంద్ర' తీయాలంటే పెట్టుబడి కావాలి. పెట్టుబడిదారుకు నమ్మకం కలగాలి. 1912లో ఆయన కుండీలో బఠానీ గింజ నాటి, అది మొలకెత్తి తీగ సాగేదాకా రోజూ ఒక్కొక్క ఫ్రేము చొప్పున ఫోటోలు తీశారు. తెరమీద చూస్తే గింజ పగిలి, మొలక లేచి, ఆకులు విచ్చుకొని ఒక్క నిమిషంలో తీగ అయిపోతుంది. ఆ చిన్న బొమ్మను చూసి పెట్టుబడిదారు డబ్బు ఇచ్చాడు. మన దేశపు పెద్ద సినిమా ఒక చిన్న సినిమా కడుపున పుట్టినదన్నమాట!

1913 మే 3వ తేదీన గిర్గాంలోని కారొనేషన్ సినిమాటోగ్రాఫ్‌లో 'రాజా హరిశ్చంద్ర' విడుదలైనది. నిడివి 3,700 అడుగులు. చేతితో త్రిప్పే యంత్రపు వేగాన్ని బట్టి గంటకు అటూ ఇటూ. బొంబాయిలో బాగా ఆడినది. సూరత్‌లో మాత్రం చిక్కు వచ్చినదని చరిత్రకారులు వ్రాస్తారు. అక్కడి జనానికి రెండు అణాలిస్తే ఆరు గంటల నాటకం దొరుకుతుంది. ఈ సినిమావాడు మూడణాలు పుచ్చుకొని గంటన్నరలో ఇంటికి పంపిస్తానంటున్నాడు! మొదటి రోజు వసూలు మూడు రూపాయలట. అప్పుడు ఫాల్కేగారు ఉపాయం పన్నారు. యాభైయేడు వేల ఫోటోలు గల ఆట, రెండు మైళ్ళ పొడవు గల బొమ్మ, అంతా కలిపి మూడే అణాలు అని ప్రకటన వేయించారు. జనం తోసుకొని వచ్చారు.

ఈ ప్రకటనను మేము కాగితం మీద లెక్క వేసి చూశాము. అడుగు ఫిలింలో 16 ఫ్రేములు. 3,700 అడుగులకు 59,200. కనుక ఫోటోల లెక్క దాదాపు సరిపోయినట్లే. కాని రెండు మైళ్ళంటే 10,560 అడుగులు. ఫాల్కేగారి ఫిలిం ముప్పాతిక మైలుకు కూడా చాలదు! మా ఆఫీసులో ఎవరైనా ఇలా దూరం వేసి ఛార్జి వసూలు చేస్తే మరునాడు సంజాయిషీ అడుగుతారు. అంత గొప్ప కళాకారుడు కూడా తన చిత్రం బాగున్నదని చెప్పి జనాన్ని రప్పించలేక, పొడవు చెప్పి రప్పించవలసి వచ్చినది. ఇది నవ్వులాటగా కనబడినా, మన దేశంలో సినిమాకు పట్టుకొన్న జబ్బు ఇక్కడే మొదలైనదని మా అభిప్రాయం. ఇచ్చిన అణాలకు ఎంత కాలక్షేపం అన్నదే కొలబద్ద అయిపోయినది.

జనాన్ని నిందించి లాభం లేదు. తెల్లవార్లూ వీధినాటకం, తోలుబొమ్మలాట చూసిన జాతి మనది. పొద్దుపోయి మొదలుపెట్టి కోడి కూసేదాకా ఆడకపోతే ఆటగాళ్ళను మెచ్చుకొనేవారు కారు. పదునెనిమిది పర్వాల భారతం మనది. అయితే నాలుగు పాదాల వేమన పద్యం కూడా మనదే గదా! భారతం పెద్దది కనుక గొప్పదనీ, వేమన పద్యం చిన్నది కనుక తక్కువదనీ ఏ తెలుగువాడూ అనలేదు. దేని కొలత దానికున్నదని ఒప్పుకొన్నాము. ఆ న్యాయం సినిమాకు మాత్రం వర్తింపజేయలేదు.

పైగా పెద్ద సినిమా నిడివి కూడా కళను బట్టి ఏర్పడినది కాదు. ఒక రీలు వెయ్యి అడుగులు. ధ్వని వచ్చిన తరువాత నిమిషానికి 90 అడుగుల వేగం స్థిరపడినది కనుక రీలుకు పదకొండు నిమిషాలు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ముడి ఫిలింకు కరువు వచ్చినది. ప్రభుత్వం పెద్ద చిత్రాలు 11,000 అడుగులు దాటరాదని హద్దు పెట్టినది. అనగా రెండు గంటల రెండు నిమిషాలు. అంతకుముందు పదిహేను, పదహారు వేల అడుగులు లేనిదే కథ చెప్పలేమన్నవారే, ఆ పదకొండు వేలలోనే చెప్పారు. యుద్ధం పోయినది, ఆంక్ష పోయినది, మళ్ళీ నిడివి పెరిగినది. కథకు అంత అవసరం ఉన్నదా అని అడిగినవారు తక్కువ.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, ఈ నగరంలోనే ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడినది. వార్తాచిత్రాలు, డాక్యుమెంటరీలు తీసి దేశంలోని హాళ్ళన్నింటికీ పంపడం దాని పని. దేశభాషలలో మొదట ఎంచుకొన్నవాటిలో మన తెలుగు కూడా ఉన్నది. ప్రతి ఆటలోను రెండువేల అడుగుల మేరకు ఇటువంటి చిత్రాలు వేసి తీరాలనీ, వసూలులో నూటికి ఒక రూపాయి చొప్పున అద్దె చెల్లించాలనీ హాలువారికి షరతు. హాలువారు గొణిగారు, కోర్టుకు కూడా పోయారు. 1999లో సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లుతుందనే తీర్పు చెప్పినది.

ప్రేక్షకులు ఏమి చేశారు? పెద్దలు చెప్పగా విన్నదేమంటే, న్యూస్‌రీలు మొదలుకాగానే చాలామంది బయటికి పోయి వేరుశనగకాయలు కొనుక్కొని, అసలు సినిమా మొదలయ్యే వేళకు వచ్చి కూర్చొనేవారు. చట్టం చిన్న చిత్రానికి తెర ఇవ్వగలిగినది గాని చూసే కన్ను ఇవ్వలేకపోయినది. నిజం చెప్పాలంటే ఆ చిత్రాలలో చాలావరకు ఆనకట్టలు, ప్రారంభోత్సవాలు, ఉపదేశాలు. చూచేవాడికి విసుగు పుట్టడం సహజమే. అయితే ఆ ఊకలోనే గట్టి గింజలు కూడా ఉన్నాయి.

ప్రసిద్ధ చిత్రకారులు ఎం. ఎఫ్. హుసేన్ 1967లో ఫిల్మ్స్ డివిజన్ కోసం 'త్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్' అనే చిత్రం తీశారు. పదిహేడు నిమిషాలు. రాజస్థానపు ఊళ్ళు, ఒక గొడుగు, ఒక లాంతరు, ఒక చెప్పు. కథ లేదు, సంభాషణ లేదు. ఆ సంవత్సరమే బెర్లిన్ ఉత్సవంలో లఘు చిత్రాలకిచ్చే స్వర్ణ భల్లూక బహుమతి దానికి వచ్చినది. మాటలు లేని ఆ చిత్రానికి ప్రాణం పోసిన సంగీతం ఎవరిదనుకొన్నారు? మన ఏల్చూరి విజయరాఘవరావుగారిది! మద్రాసులో పుట్టి, పండిట్ రవిశంకర్‌గారి శిష్యులై, వేణువు విద్వాంసులై, ఫిల్మ్స్ డివిజన్‌లో సంగీత దర్శకులుగా ఎన్నో ఏళ్ళు ఈ నగరంలోనే పనిచేశారు. 'భువన్ షోమ్' అనే హిందీ చిత్రంలో రైల్వే అధికారి వేట కథకు సంగీతం కూర్చినవారు కూడా ఆయనే. 2011లో కీర్తిశేషులైనారు. పెద్ద సినిమాల పాటలు కట్టినవారి పేర్లు మనకు నోటికి వస్తాయి. చిన్న చిత్రాలకు జీవితం ధారపోసిన ఈ తెలుగు విద్వాంసుని పేరు మన పిల్లలలో ఎందరికి తెలుసు?

ఫలీ బిలిమోరియాగారు తీసిన 'ది హౌస్ దట్ ఆనంద బిల్ట్' కూడా ఆ కాలానిదే. ఒరిస్సాలోని ఒక పల్లె. ఆనంద అనే తండ్రి, ఆయన పిల్లలు. వారి బ్రతుకుల ద్వారా మారిపోతున్న దేశాన్ని చూపించిన చిన్న చిత్రం అది. 1969 ఆస్కార్ పోటీలో లఘు డాక్యుమెంటరీల వరుసలో నిలిచినది. 1974లో వచ్చిన 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా' అనే ఏడు నిమిషాల బొమ్మల చిత్రం సంగతి చెప్పనక్కరలేదు. విజయా ములేగారి రచనకు భీమ్‌సేన్‌గారు బొమ్మలు కదిలించారు. దూరదర్శన్‌లో అది చూడని పిల్లవాడు లేడు. మా వయస్సువారిని ఎవరినైనా అడగండి. చిన్నప్పుడు చూచిన మూడు గంటల సినిమాల కథ మరచిపోయి ఉంటారు గాని, వలతో సహా ఎగిరిపోయిన ఆ పక్షులను మరచిపోయి ఉండరు.

సత్యజిత్ రాయ్‌గారు 1964లో విదేశీ టెలివిజన్ కోసం 'టూ' అనే పావుగంటపాటి చిత్రం తీశారు. ఇంగ్లీషులో తీయమన్నారు. బెంగాలు వాతావరణంలో ఇంగ్లీషు మాటలు అతకవని, ఆయన అసలు మాటలే లేకుండా తీశారు. మేడలో ధనికుల పిల్లవాడు, కిటికీ బయట గుడిసెలోని పిల్లవాడు. బయటివాడు పిల్లనగ్రోవి ఊదితే లోపలివాడు బాకా ఊదుతాడు. బయటివాడు గాలిపటం ఎగరేస్తే లోపలివాడు తుపాకితో దాన్ని కొడతాడు. లోపల బొమ్మలన్నీ ఉన్నాయి. అయినా చివరకు బయటినుండి మళ్ళీ పిల్లనగ్రోవే వినబడుతుంది. అంతే. దీనికి మరొక రెండు గంటలు చేర్చితే ఏమి చేరుతుంది? నాలుగు పాటలు, ఒక పోట్లాట చేరుతాయి. పిల్లనగ్రోవి మాత్రం వినబడకుండా పోతుంది.

ఇటువంటి చిత్రాలకు హాలులో చోటు లేదు గనుకనే ఉత్సవాలు పుట్టినవి. పశ్చిమ జర్మనీలో ఓబర్‌హౌసెన్ అని ఆనాడు బొగ్గుగనులు, ఉక్కు కర్మాగారాలు గల పారిశ్రామిక పట్టణం. వయోజనులకు పాఠాలు చెప్పే విద్యాలయం నడుపుతున్న హిల్మార్ హాఫ్‌మన్ 1954లో అక్కడ లఘు చిత్రాల ఉత్సవం ప్రారంభించారు. శ్రామికులుండే ఊరిలో మొదలైన ఆ ఉత్సవం ప్రపంచ ప్రసిద్ధమైనది. 1962లో ఇరవైఆరుగురు యువకులు ఆ ఉత్సవంలోనే ఒక ప్రకటనపత్రం చదివి, జర్మన్ సినిమాకు కొత్త దారి కావాలన్నారు. వారు పేరు తెచ్చుకొన్నది లఘు చిత్రాలతోనే. ఆ ప్రకటనతోనే జర్మనీలో నూతన సినిమా మొదలైనదని చరిత్ర. ఫాల్కేగారి బఠానీ గింజ మరొకసారి మొలిచినదని చెప్పవచ్చును.

మన ముంబయి ఉత్సవం 1990లో మొదలైనది. బంగారు శంఖం దాని బహుమతి. జీవితకాల సేవకు ఇచ్చే బహుమతికి వి. శాంతారాంగారి పేరు పెట్టారు. అయితే ఇక్కడా నిడివి వెంటాడినది. పోటీకి వచ్చిన చిత్రాలను నిమిషాలను బట్టే వరుసలుగా విడదీయవలసి వచ్చినది. పొట్టి అంటే ఎంత అన్నదానికి లోకంలో ఒక్క మాట లేదు. ఆస్కార్‌వారు పేర్ల జాబితాతో సహా 40 నిమిషాలంటారు. కాన్ ఉత్సవంవారు 15 నిమిషాలు దాటరాదంటారు. ఈ ఊరి పొడుగు ఆ ఊరి పొట్టి అన్నమాట!

ఇంతకంటె పెద్ద పరీక్ష 2004 ఉత్సవానికి వచ్చినది. పోటీకి వచ్చే భారతీయ చిత్రాలకు సెన్సారు పత్రం ఉండాలని 2003లో నిబంధన పెట్టారు. విదేశీ చిత్రాలకు ఆ నిబంధన లేదు. మన చిత్ర నిర్మాతలు దేశమంతా ఒక్కటై ఎదిరించగా దానిని ఉపసంహరించుకొన్నారు. తీరా ఎంపికైన చిత్రాల పట్టీ చూస్తే, నిష్ఠురసత్యాలు చెప్పిన చిత్రాలు కొన్ని అందులో లేవు. అప్పుడు నిర్మాతలు 'వికల్ప్' అనే పేరుతో అవే రోజుల్లో ఈ నగరంలోనే వేరే ప్రదర్శన పెట్టి ఆ చిత్రాలను ఉచితంగా జనానికి చూపించారు. ఇక్కడ మేము గమనించినది ఒక్కటి. కొలబద్దతో ఎన్ని వరుసలు గీసినా, గొడవ వచ్చినప్పుడు ఈ చిత్రం ఎన్ని నిమిషాలని ఎవరూ అడగలేదు. ఏమి చెబుతున్నదని అడిగారు. పొట్టిదానికైనా పొడుగుదానికైనా బలం అక్కడే ఉన్నదని దీనివల్ల రుజువవుతున్నది.

ఇప్పుడు కాలం మారినది. లోకల్ రైలులో ఏ పెట్టెలో చూచినా ప్రతివాని అరచేతిలోను బొమ్మ ఆడుతున్నది. అర నిమిషం, నిమిషం. వ్రేలితో త్రోస్తే మరొకటి. ల్యూమియేర్ వారి యాభై సెకండ్లకే మళ్ళీ వచ్చినామా అని కొందరంటారు. చిన్న చిత్రం గెలిచినదని కొందరంటారు. మాకు అలా తోచదు. తునక వేరు, చిన్న చిత్రం వేరు. రొట్టె తుంచితే తునక వస్తుంది. గింజ అలా తుంచితే వచ్చేది కాదు. చిన్నదైనా దానికి అదే పూర్తి. రాయ్‌గారి చిత్రం చూచి లేచినవాడు కాసేపు మాట్లాడలేడు. అరచేతి తునక చూచినవాడు మాట్లాడే లోపలే రెండవది వచ్చేస్తుంది. ఆనాడు మూడు గంటలుంటేనే సినిమా అన్నారు. ఈనాడు అర నిమిషం దాటితే చూడమంటున్నారు. రెండూ కొలబద్ద పిచ్చే. చెప్పవలసినదానికి ఎంత కావాలో అంత తీసుకొని ఆగడమే కళ అని మా సిద్ధాంతం.

2022లో ఫిల్మ్స్ డివిజన్ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది. ఏడు దశాబ్దాలలో తీసిన వేల చిత్రాలు మన పన్నుల డబ్బుతో తీసినవి, మన ప్రజల ముఖాలు, పొలాలు, వీధులు ఉన్నవి. వాటి భద్రత గురించి చిత్ర నిర్మాతలు ఆందోళన వెలిబుచ్చారు. చూసేవారుంటేనే ఏ వస్తువునైనా కాపాడుతారు. అడిగేవారు లేని రీలు బీరువాలోనే పాడవుతుంది. కనుక ఇది ప్రభుత్వం పని మాత్రమే కాదు, మన పని కూడా.

పెడ్డర్ రోడ్డులో పాత ఫిల్మ్స్ డివిజన్ ఆవరణలో 2019లో ప్రారంభమైన జాతీయ సినిమా ప్రదర్శనశాల ఉన్నది. ఒక ఆదివారం పిల్లలను తీసుకొనిపోయి చూపించవచ్చును. అంతేగాక మన సంఘం కార్యవర్గానికి ఒక మనవి. ఉగాదికి హరికథ, నాటకం, కవిసమ్మేళనం ఎలాగూ జరుపుకొంటున్నాము. ఏడాదిలో ఒక్క సాయంకాలం, రెండు గంటలు, లఘు చిత్రాలకు కేటాయించండి. రెండు గంటలలో ఏడెనిమిది చిత్రాలు పడతాయి. హుసేన్‌గారి చిత్రంతో, విజయరాఘవరావుగారి వేణువుతో ప్రారంభిద్దాము. మన యువకులు తమ ఫోనులతో తీసిన చిన్న చిత్రాలకూ అందులో చోటు ఇద్దాము. వలస వచ్చిన మన పెద్దల బ్రతుకుల మీద పది నిమిషాల చిత్రం తీయగల పిల్లలు మన మధ్యనే ఉండవచ్చును. కామాఠీపురా రాళ్ళెత్తిన కూలీల గురించి ఎవరూ మూడు గంటల సినిమా తీయరు. పది నిమిషాలైనా మనమే తీసుకోవాలి. హాలు అద్దె, కుర్చీల ఏర్పాటు చూడడానికి మా వంటి గుమాస్తాలు నలుగురు సిద్ధంగా ఉన్నారు. న్యూస్‌రీలు నాటి ప్రేక్షకులవలె మధ్యలో వేరుశనగకాయలకు లేచిపోకుండా కూర్చొంటామని సభ్యులు మాట ఇస్తే చాలును.